బండి హీటెక్కుతోందా? బెంగళూరులోని తెలుగు రైడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే మారతహళ్లి, బొమ్మనహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్ల నోట ఒకటే మాట: "బండి హీటెక్కుతోంది, ఏం చేయాలి?" జవాబు చాలాసార్లు ఒక చిన్న ఫ్యూజులోనో, అరలీటరు కూలెంట్‌లోనో (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఉంటుంది. కానీ ముందు ఇంజిన్ విప్పించేసి, ఆ తర్వాత ఫ్యూజు చూసుకునేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ తక్కువ ఖర్చయ్యే వాటితో మొదలుపెట్టి, ఎక్కువ ఖర్చయ్యే వాటి దగ్గరికి వెళ్దాం. ఇక్కడ ఇచ్చిన అంకెలు అంచనా కోసం. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

నా బండి మామూలుగానే వేడిగా ఉందా, నిజంగా ఓవర్‌హీట్ అవుతోందా?

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో చక్రం దాకా చేరేది మూడో వంతు కూడా ఉండదు. మిగతాదంతా వేడే. కొంత సైలెన్సర్ గుండా పోతుంది, కొంత ఇంజిన్ లోహంలోకి దిగుతుంది. కాబట్టి సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర తొడలు కాలిపోతున్నంత మాత్రాన బండి చెడిపోయినట్టు కాదు. రేడియేటర్ ఉన్న బండిలో ఫ్యాన్ తిరిగి కాళ్లకు వేడిగాలి కొడుతోందంటే, కూలింగ్ సిస్టమ్ తన పని తాను చేస్తోందనే అర్థం. చిరాకుగానే ఉంటుంది కానీ, టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇంజిన్ మీద చుక్క నీళ్లు వేసి, సుయ్యిమంటే ఓవర్‌హీట్ అని తేల్చేసేవాళ్లున్నారు. 100 డిగ్రీలు దాటిన ఏ లోహం మీద వేసినా నీళ్లు సుయ్యిమంటాయి. గాలితో చల్లబడే ఇంజిన్ హెడ్ (సిలిండర్ పైన మూతలా ఉండే భాగం) 150 డిగ్రీలు దాటడం రోజూ జరిగేదే.

నిజమైన గుర్తులు వేరే ఉన్నాయి. రేడియేటర్ బండిలో టెంపరేచర్ గీతలు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి పోతాయి, ఎర్ర లైటు వెలుగుతుంది, కూలెంట్ డబ్బా పొంగి కింద పడుతుంది, తీపి వాసనతో ఆవిరి వస్తుంది. మామూలు ఎయిర్ కూల్డ్ బండిలో యాక్సిలరేటర్ తిప్పినా పికప్ రాదు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ లోంచి చిటచిటమని నాకింగ్ వినిపిస్తుంది. న్యూట్రల్ పడనంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిపోయి, పావుగంట చల్లబడేదాకా స్టార్ట్ అవదు. కాలిన ఆయిల్ వాసన వస్తుంది. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే అప్పుడు పట్టించుకోండి.

నాది ఏ రకం కూలింగో ఎలా తెలుసుకోవాలి?

ముందు చక్రం వెనక, ఇంజిన్‌కు ఎదురుగా చూడండి. అక్కడ పెద్ద జాలీ, దాని వెనక ఫ్యాన్, పక్కన లావు రబ్బరు గొట్టాలు ఉంటే లిక్విడ్ కూల్డ్. డ్యూక్ 390, ఆర్15, డామినార్ 400, పల్సర్ ఎన్‌ఎస్200, హిమాలయన్ 450 ఈ కోవలోవి. చిన్న జాలీ ఉండి ఫ్యాన్ లేకపోతే, సన్న పైపులు ఇంజిన్‌లోకి పోతుంటే ఆయిల్ కూలర్. అపాచీ ఆర్‌టీఆర్ 200, పాత హిమాలయన్ 411 అలాంటివి. ఏమీ లేకుండా ఇంజిన్ చుట్టూ రెక్కలు మాత్రమే కనిపిస్తే ఎయిర్ కూల్డ్. స్ప్లెండర్, యూనికార్న్, పల్సర్ 150 అన్నీ అవే.

బెంగళూరు చల్లని ఊరే కదా, ఇక్కడ కూడా ఇంత హీటేంటి?

చల్లని ఊరన్న పేరు పాతది. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. అయినా ఎండ కన్నా ట్రాఫిక్కే పెద్ద కారణం. 42 డిగ్రీల ఎండలో అనంతపురం హైవే మీద 80లో పోయే బండి కన్నా, 30 డిగ్రీల సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఫస్ట్ గేరులో పాకే బండికే వేడి ఎక్కువ. హైవే మీద గాలి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర మనకు తగిలేది ముందున్న బస్సు వదిలే వేడిగాలే. పైగా హాఫ్ క్లచ్‌లో నెట్టుకొస్తుంటే క్లచ్ ప్లేట్లు రాపిడికి గురై, ఆ వేడి కూడా నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకే పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 100 దగ్గర కాదు, 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత సరిగా బిగుసుకుంటే ఈ తేడా లెక్కలోకి రాదు. మూత వదులైతే మాత్రం చెన్నైలో కన్నా ఇక్కడ కూలెంట్ ముందే పొంగుతుంది.

రోడ్డు మీద ఉండగా ఎర్ర లైటు వెలిగింది. ఇప్పుడేం చేయాలి?

వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా, రూముకు పోయి చూసుకుందాం" అనుకునే దగ్గరే ఖర్చు వందల నుంచి వేలకు ఎక్కుతుంది. అల్యూమినియం హెడ్ ఒకసారి వంగిందంటే, చల్లబడ్డాక మళ్లీ తిన్నగా అవదు.

ఇంజిన్ ఆపాక తాళం చెవి మళ్లీ ఆన్‌లో పెట్టండి, స్టార్ట్ చేయకండి. చాలా బండ్లలో ఇంజిన్ తిరగకపోయినా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. తిరిగితే అలాగే కాసేపు ఉంచండి, బ్యాటరీ మీద ఒక కన్నేసి. తిరగకపోతే కారణం దాదాపు దొరికినట్టే. ఆ సంగతి కింద ఉంది.

తర్వాత వంగి చూడండి. కింద ఆకుపచ్చగానో, ఎర్రగానో, నీలంగానో చుక్కలు పడుతున్నాయా? రబ్బరు గొట్టం ఎక్కడైనా ఊడిందా? జాలీకి ప్లాస్టిక్ కవరు అతుక్కుందా? అవుటర్ రింగ్ రోడ్డులో ఇది నిజంగానే జరుగుతుంది.

అరగంటకు తక్కువ కాకుండా ఆగండి. చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాకే పక్కనున్న డబ్బాలో కూలెంట్ మట్టం చూడండి. అడుగంటి ఉంటే, దొరికిన మంచినీళ్లు పోసి మెల్లగా దగ్గర్లోని షాపు దాకా వెళ్లొచ్చు. వాటర్ బాటిల్ నీళ్లయినా ఆ పూటకు పర్లేదు. డబ్బా నిండుగా ఉండి, ఫ్యాన్ తిరుగుతూ, అయినా మళ్లీ ఎర్ర లైటు వస్తే ఇక నడపకండి. బండిని ఎక్కించుకుపోయే ఆటో మాట్లాడుకోవడమే మేలు.

వేడి ఇంజిన్ మీద నీళ్లు పోయొచ్చా?

వద్దు. ఒకవైపు ఒక్కసారిగా కుంచించుకుపోయి లోహం పగలొచ్చు, వంగొచ్చు. కరెంటు కనెక్టర్లలోకి నీళ్లు పోవడం అదనం.

ఫ్యాన్ తిరగడం లేదు. నేనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, అదే మొదట చూడాలి కూడా. హైవేలో బాగుండి, సిగ్నల్ దగ్గరే టెంపరేచర్ ఎక్కుతోందంటే అనుమానం సూటిగా ఫ్యాన్ మీదకే పోతుంది. చాలా బండ్లలో ఇది 100 డిగ్రీల చుట్టుపక్కల మొదలవుతుంది. కాబట్టి చల్లని ఇంజిన్ మీద తిరగలేదని కంగారు పడొద్దు.

ముందు తాళం చెవి తీసేయండి. బండి వేడిగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఎప్పుడైనా తిరగొచ్చు, వేలు పెట్టకండి. బండి చల్లబడ్డాక ఒక ఐస్‌క్రీం పుల్లతో రెక్కను తోయండి. తేలిగ్గా తిరగాలి. గట్టిగా ఉంటే బురద పట్టిందో, బేరింగ్ పోయిందో. వానాకాలం అయ్యాక ఇది ఎక్కువ.

తేలిగ్గా తిరిగితే ఫ్యూజ్ బాక్స్ తెరవండి. సాధారణంగా సీటు కిందో పక్క ప్యానెల్ వెనకో ఉంటుంది. మూత మీద ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ ఫ్యూజును లాగి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి తీగ తెగిందో లేదో కనిపిస్తుంది. తెగి ఉంటే అదే ఆంపియర్ ఫ్యూజు వేయండి. 10 ఉన్న చోట 20 వేస్తే ఫ్యూజుకు బదులు వైరింగ్ కాలుతుంది. కొత్తది కూడా వెంటనే కొట్టేస్తే మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. హ్యాండిల్ తిప్పినప్పుడు నలిగే చోట వెతకండి.

ఫ్యూజు బాగుంటే రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు వదిలే స్విచ్ లాంటిది చూడాలి. అదే బాక్సులో అచ్చం అలాంటిదే ఇంకో రిలే ఉంటే రెండూ మార్చి చూడండి, సందేహం తీరుతుంది. తర్వాత ఫ్యాన్ మోటారు కనెక్టర్ ఊడదీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. తిరిగితే మోటారు మంచిదే, దోషం సెన్సర్ దగ్గరో వైరింగ్‌లోనో ఉంది. తిరక్కపోతే మోటారు మార్చాల్సిందే. జేసీ రోడ్డులో స్పేర్లు దొరుకుతాయి కానీ, ఫ్యాన్ కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. రెక్కలు ఎటు వంగి ఉన్నాయి, గాలి ఎటు పోతోంది అనేది కలవాలి. వైర్లు తారుమారై ఫ్యాన్ ఎదురు తిరిగితే, బండి ముందుకు పోతున్నప్పుడు వచ్చే గాలికి అదే అడ్డం.

ఫ్యాన్ తిరుగుతోంది, కూలెంట్ ఉంది. అయినా హీట్ ఎక్కుతోంది?

డబ్బాలో కూలెంట్ ఉన్నంత మాత్రాన రేడియేటర్‌లో ఉన్నట్టు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలామందికి సర్వీస్ సెంటర్ ఖర్చు తప్పుతుంది. మూత పాడైతే డబ్బా నుంచి రేడియేటర్‌లోకి కూలెంట్ వెనక్కి రాదు. డబ్బా నిండుగా, రేడియేటర్ సగం ఖాళీగా ఉంటుంది. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే రేడియేటర్ మూత తీసి చూడండి. కూలెంట్ అంచు దాకా కనిపించాలి.

ఈమధ్యే కూలెంట్ మార్పించి ఉంటే గాలి చిక్కుకుని ఉండొచ్చు. గేజ్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంటే అనుమానించండి. చల్లని ఇంజిన్ మీద మూత తీసి, బండిని నిటారుగా నిలబెట్టి స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా కూలెంట్ పోయాలి. మధ్యలో బండిని అటూ ఇటూ వంచాలి. కొన్ని బండ్లకు గాలి వదిలే బోల్టు విడిగా ఉంటుంది.

ఇవన్నీ బాగుంటే థర్మోస్టాట్ చూడాలి, అంటే ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్. ఇంజిన్ వేడెక్కాక పై గొట్టం కాలిపోతూ, రేడియేటర్ కింది భాగం చల్లగా ఉంటే అది తెరుచుకోవడం లేదు. విప్పి, గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో వేలాడదీస్తే తెరుచుకుంటోందో లేదో కంటికే కనిపిస్తుంది. మామూలుగా 70 నుంచి 85 డిగ్రీల మధ్య కదలాలి. గిన్నె వంటింటిది కాకుండా చూసుకోండి, పీజీలో ఆంటీతో గొడవ ఎందుకు.

రేడియేటర్ మూత అంత ముఖ్యమా?

ఈ సిస్టమ్‌లో ఎవరూ పట్టించుకోని, అన్నిటికన్నా పనిచేసే వస్తువు అది. ప్రెషర్ కుక్కర్ వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది. సగం కూలెంట్, సగం నీళ్ల మిశ్రమం మామూలుగా 107 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్ల 120 దాటినా మరగదు. మూత మీద 0.9, 1.1, 1.4 లాంటి అంకె ఉంటుంది, అది బార్‌లలో ప్రెషర్. కొత్తది కొంటే అదే అంకెది కొనాలి. ఎక్కువ అంకెది వేస్తే మంచిదనుకోకండి, పాత గొట్టాలు పగులుతాయి.

మూత తిరగేసి చూడండి. కింద రబ్బరు వాషరు ఉంటుంది. దాని మీద లోతుగా గాడి పడినా, అంచు చిట్లినా, వేలితో నొక్కితే గట్టిగా ప్లాస్టిక్‌లా అనిపించినా మార్చేయండి. మధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది. గోటితో కొంచెం లాగితే లేచి, వదిలితే మళ్లీ కూర్చోవాలి. ఇంజిన్ చల్లబడేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి రానిచ్చేది ఆ బిళ్లే. తెల్లటి పొడి కట్టి అది బిగుసుకుపోతే, బండి చల్లారాక పై గొట్టం నొక్కినట్టు చప్పిడైపోతుంది. అలా చప్పిడైన గొట్టం చూస్తే మూత మార్చాలని గుర్తు.

వేడి మీద మూత తీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గుడ్డ పట్టుకుని తీస్తా, మెల్లగా తీస్తా అనొద్దు. ప్రెషర్ పోయిన క్షణంలో లోపలిదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది.

కూలెంట్ బదులు నీళ్లు పోస్తే ఏమవుతుంది? బెంగళూరులో మంచు పడదుగా?

మంచు పడదు, నిజమే. ఇంకా చెప్పాలంటే వేడిని మోసుకుపోవడంలో వట్టి నీళ్లే కూలెంట్ మిశ్రమం కన్నా మెరుగు. కానీ నీళ్లు త్వరగా మరుగుతాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి, పంపు సీలును త్వరగా అరగదీస్తాయి. కూలెంట్ కొనేది ఈ మూడింటి కోసం.

బోరు నీళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. వైట్‌ఫీల్డ్ వైపు ట్యాంకర్ నీళ్లతో గీజర్ రాడ్డుకు పట్టే తెల్లటి పొర చూశారుగా, అదే రేడియేటర్ సన్న గొట్టాల్లో పడుతుంది. గాఢ కూలెంట్ కొంటే ఇన్వర్టర్ బ్యాటరీల షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. ఆ గొడవెందుకు అనుకుంటే, రెడీమిక్స్ కూలెంట్ లీటరు మూడు నాలుగు వందల్లో వస్తుంది. దాంట్లో మళ్లీ నీళ్లు కలపకండి. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉందా, కలపాలని ఉందా అన్నది చదివి కొనండి.

ఆకుపచ్చ కూలెంట్‌లో ఎర్రది కలపొచ్చా?

రంగు ఏ కంపెనీ ఇష్టం దానిది. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు ఉండొచ్చు. కొన్ని రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టి గొట్టాలు మూసుకుపోతాయి. లోపల ఏముందో తెలియకపోతే మొత్తం తీసేసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి కొత్తది పోయించండి. చాలా కంపెనీలు ఎలాగూ రెండు మూడేళ్లకోసారి మార్చమంటాయి. సెకండ్ హ్యాండ్ బండి కొంటే ఇది మొదటి వారంలోనే చేయించాల్సిన పని.

కూలెంట్ తగ్గిపోతోంది, కింద చుక్క కూడా కనిపించడం లేదు?

వేడి ఇంజిన్ మీద పడిన చుక్క నేల చేరేలోపే ఆవిరైపోతుంది, కాబట్టి నేల మీద వెతికి లాభం లేదు. గొట్టాల క్లాంపుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో తెల్లగా గానీ ఆకుపచ్చగా గానీ ఎండిన మరకలు చూడండి.

తర్వాత వాటర్ పంపు కవర్ కింద ఒక చిన్న బెజ్జం ఉంటుంది. అది తయారీ లోపం కాదు, కావాలనే పెట్టింది. లోపలి సీలు అరిగితే కూలెంట్ ఇంజిన్ ఆయిల్‌లోకి పోకుండా అక్కడి నుంచి బయటికి రావాలని. ఆ బెజ్జంలోంచి చుక్కలు పడుతుంటే సీలు కిట్ మార్చాలి. కొందరు మెకానిక్‌లు దానికి ఎంసీల్ పెట్టి మూసేస్తారు. అలా చేయనివ్వకండి, తర్వాత కూలెంట్ వెళ్లి ఆయిల్‌లో కలుస్తుంది.

మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నాడు. నమ్మాలా?

నమ్మొచ్చు, రుజువు చూపిస్తే. "హెడ్ దింపాల్సిందే సార్, పన్నెండు వేలు అవుద్ది" అని చూడగానే అంటే, "అన్నా, ముందు చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చెయ్యి, బుడగలు నా ముందే చూపించు, తర్వాత హెడ్ సంగతి మాట్లాడుకుందాం" అనండి. నిజంగా గ్యాస్కెట్ (హెడ్‌కు, సిలిండర్‌కు మధ్య బిగించే సీలు) పోతే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి దూరి, ఎంతసేపైనా ఆగకుండా బుడగలు వస్తాయి. యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా పెరుగుతాయి. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్ల పొగ వస్తుంది. స్టార్ట్ చేసిన కాసేపటికే గొట్టాలు రాయిలా గట్టిపడతాయి. కంప్రెషన్ గేజ్ ఉన్న షాపైతే అంకెలతో తేలిపోతుంది.

ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించడం కూడా గుర్తే కానీ, దాని ఒక్కదాన్నే నమ్మకండి. వానాకాలంలో రోజూ రెండు కిలోమీటర్లే తిప్పే బండిలో తేమ చేరి, ఆయిల్ మట్టం చూసే అద్దం మీద అలాంటి నురగ కట్టడం మామూలే. హైవే మీద ఒక గంట నడిపితే పోతుంది.

వాటర్ సర్వీస్ చేయిస్తే రేడియేటర్ శుభ్రమవుతుందా?

ఆ ప్రెషర్ గన్‌తో దగ్గర్నుంచి కొడితే జాలీ రేకులు వాలిపోయి గాలి దారి మూసుకుపోతుంది. రేడియేటర్ దగ్గర మామూలు పైపు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. రాత్రి హైవే మీద వచ్చాక పురుగులు అతుక్కుంటే సబ్బునీళ్లతో నానబెట్టి తుడవండి. వాలిన రేకుల్ని సన్నటి ప్లాస్టిక్ పుల్లతో ఓపిగ్గా నిలబెట్టొచ్చు.

నాది స్ప్లెండర్. రేడియేటరే లేదు. అయినా హీటెక్కుతోంది, ఏం చూడాలి?

నాలుగు చోట్ల చూడాలి, అందులో ఒకటి ఇంజిన్‌కు సంబంధించినదే కాదు.

మొదటిది ఆయిల్. రేడియేటర్ లేని బండిలో వేడి మోసేది అదే. మట్టం తక్కువైనా హీటే, ఎక్కువ పోసినా నురగ కట్టి హీటే. బండి నిటారుగా నిలబెట్టి చూడాలి, సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. డిప్‌స్టిక్ ఉంటే, మర బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అనేది మాన్యువల్‌లో చూసుకోండి. రెంటికీ చాలా తేడా వస్తుంది.

రెండోది చక్రాలు. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లు తిరగకుండా ఆగితే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. కాసేపు నడిపాక బ్రేకు డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అనుమానమే అక్కర్లేదు. ఇంజిన్ పాపం రోజంతా బ్రేకుతో కుస్తీ పడుతోంది. టైర్లలో గాలి తక్కువైనా ఇదే కథ.

మూడోది పెట్రోలు, గాలి పాళ్లు. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయితే ఇంజిన్ కాలిపోతుంది. పాత కార్బరేటర్ బండ్లలో జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) చెత్త పడినా, కార్బరేటర్‌కు ఇంజిన్‌కు మధ్య ఉండే రబ్బరు మానిఫోల్డ్ చీలినా ఇంతే. చల్లని ఇంజిన్‌ను ఐడిల్‌లో పెట్టి ఆ రబ్బరు చుట్టూ కొంచెం సబ్బునీళ్లు పోయండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి దూరుతోంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే కూడా తెలుస్తుంది. పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే బాగుంది. సున్నంలా తెల్లగా, పొక్కులు పొక్కులుగా ఉంటే హీట్. నల్లటి మసి అంటే పెట్రోలు ఎక్కువ, హీట్‌కు కారణం వేరే. బీఎస్6 ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో ప్లగ్ మామూలుగానే తెలుపు వైపు ఉంటుంది, దాన్ని చూసి భయపడకండి.

నాలుగోది టాపెట్, అంటే వాల్వ్‌కు, దాన్ని నెట్టే భాగానికి మధ్య ఉండే గ్యాప్. ఎగ్జాస్ట్ వాల్వ్ గ్యాప్ మరీ తగ్గిపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, దాని అంచు కాలుతుంది. "టాపెట్ శబ్దం రాకుండా బిగించన్నా" అని మనమే అడిగి చేయించుకునే నష్టం ఇది. కొద్దిగా టిక్‌టిక్ అనడం మంచిదే.

ఇక రెక్కల మధ్య ఎండిన బురద తీసేయడం వేరే చెప్పక్కర్లేదు.

కారు ఆయిల్ పోయొచ్చా? గాఢమైన ఆయిల్ వేస్తే హీట్ తగ్గుతుందా?

గేరు బండ్లలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో ఉండే జారుడు రసాయనాల వల్ల క్లచ్ జారి, హీట్ ఇంకా పెరుగుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. గ్రేడ్ మాత్రం కంపెనీ చెప్పిందే. 10డబ్ల్యూ-30 చెప్పిన బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే శబ్దం తగ్గినట్టు అనిపిస్తుంది, ఆ గాఢతకు చల్లని ఇంజిన్‌లో ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది.

ఈ20 పెట్రోలు (20 శాతం ఎథనాల్ కలిపినది) వల్లే హీట్ అంటున్నారు, నిజమా?

కొంత నిజం, చాలా గోల. ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం కొంచెం పలుచనవుతుంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయినట్టే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి ఆ తేడాను తనే సర్దుకుంటుంది. కార్బరేటర్ బండి సర్దుకోలేదు. ముందే పలుచగా నడుస్తున్న పాత బండి అయితే ఆ కాస్త తేడాతో నాకింగ్ మొదలవ్వొచ్చు. అప్పుడు మెకానిక్‌తో జెట్‌లు కడిగించి, మిక్చర్ స్క్రూ సరిచేయించండి. పాత రబ్బరు పైపులు కూడా చూసుకోండి, ఎథనాల్‌కు కొన్ని రబ్బర్లు ఉబ్బి చిట్లుతాయి. కానీ నిన్నటిదాకా బాగున్న రేడియేటర్ బండి ఇవాళ పొంగిందంటే దానికి కారణం పెట్రోలు కాదు.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేస్తే మంచిదా?

ఎయిర్ కూల్డ్ అయితే అర నిమిషం మించి ఆగేలా ఉంటే ఆపేయండి. గాలి లేనప్పుడు ఐడిల్‌లో ఉంచి సాధించేదేమీ లేదు. లిక్విడ్ కూల్డ్‌లో గేజ్ పైకి వెళ్లి ఫ్యాన్ తిరుగుతుంటే, అది ఆగేదాకా నడవనివ్వడం మేలు. ఇంజిన్ ఆపితే వాటర్ పంపు కూడా ఆగుతుంది, హెడ్‌లో ఉన్న కూలెంట్ కదలకుండా కాసేపు ఇంకా వేడెక్కుతుంది.

ఊరి నుంచి వస్తూ ఘాట్ ఎక్కుతుంటే నాకింగ్ వస్తోంది?

చిత్తూరు నుంచి పలమనేరు వైపు వస్తూ మొగిలి ఘాట్‌లో చాలామందికి అనుభవమే. వెనక ఇంకొకరు, మధ్యలో బియ్యం మూట, పచ్చళ్ల సంచి, బండి నాలుగో గేరులో 35లో ఈడ్చుకుంటూ. తక్కువ ఆర్‌పీఎంలో పూర్తి యాక్సిలరేటర్ ఇవ్వడం కన్నా ఇంజిన్‌కు పెద్ద శిక్ష లేదు. ఒక గేరు దించండి. శబ్దం పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. ఆయిల్, కూలెంట్ రెండూ ఆర్‌పీఎంను బట్టే వేగంగా తిరుగుతాయి కాబట్టి.

థర్మోస్టాట్ తీసేయమంటున్నారు, ఫ్యాన్‌కు విడిగా స్విచ్ పెట్టమంటున్నారు. చేయించాలా?

థర్మోస్టాట్ తీయొద్దు. హైవే మీద ఇంజిన్ చల్లగా ఉండిపోయి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పిస్టన్ త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో కూలెంట్ రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరిగి, హీట్ పెరుగుతుంది కూడా. ఫ్యాన్ స్విచ్ ఊరు చేరడానికి ఒక రోజు పని గడుపుతుంది కానీ, సెన్సర్ బాగు చేయించకుండా దాన్నే పర్మనెంట్ చేసుకోకండి. వేయడం మర్చిపోయే రోజు వస్తుంది. రేడియేటర్ గార్డు మాత్రం పెట్టించుకోవచ్చు, రంధ్రాలు పెద్దగా ఉన్నది చూసుకుని.

స్కూటర్లకు కూడా ఇవే వర్తిస్తాయా?

చాలా స్కూటర్లలో ఇంజిన్ పక్కనే ఉన్న ఫ్యాన్ గాలిని ప్లాస్టిక్ కవర్ల గుండా సిలిండర్ మీదకు తోస్తుంది. సర్వీస్‌లో ఆ కవర్ ఒకటి బిగించడం మర్చిపోతే గాలి ఎటో పోతుంది. అది, ఆయిల్ మట్టం, వెనక బ్రేకు ఈ మూడు చూడండి.

తీసిన పాత కూలెంట్ ఏం చేయాలి?

మోరీలో గానీ, ఇంటి ముందు గానీ పారబోయకండి. ఎక్కువ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి. చిన్నపిల్లలు తాగితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, డబ్బా కూడా పట్టుకెళ్లాలి. బాటిల్‌లో పోసి మూత బిగించి, పాత ఆయిల్ పోగుచేసే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. ఆయిల్‌లో కలపకుండా విడిగా ఇవ్వండి.

ఒకసారి బాగా ఓవర్‌హీట్ అయింది. చల్లబడ్డాక మళ్లీ మామూలుగా స్టార్ట్ అయింది. ఇంకేమైనా చూడాలా?

చూడాలి. అంత వేడి చూసిన ఆయిల్ పలుచబడి ఉంటుంది, కిలోమీటర్లు మిగిలి ఉన్నా ఫిల్టర్‌తో సహా మార్చేయండి. తీసిన ఆయిల్‌ను వెలుతురులో చూడండి. వెండి పొడిలా మెరిస్తే లోపల ఏదో రాసుకుంది, అప్పుడు మెకానిక్‌కు చూపించాల్సిందే. తర్వాత రెండు వారాలు పొద్దున్నే కూలెంట్ మట్టం చూసి డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. గీత కిందికి దిగుతుంటే కంప్రెషన్ పరీక్ష చేయించండి. గీత కదలకుండా, పికప్ తగ్గకుండా, పొగ రాకుండా ఉంటే హెడ్ విప్పే పని లేదు.